దొరికిన దొంగకు మర్యాద ఎందుకు?

2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలం జాడుపూడిలో ఒకతను జామి ఎల్లమ్మ గుడి గోడకున్న చిన్న కిటికీ పగలగొట్టి లోపలికి దూరాడు. అమ్మవారి నగలు తీసుకుని అదే సందులోంచి బయటికొస్తూ నడుము దగ్గర ఇరుక్కుపోయాడు. ముందుకూ రాలేడు, వెనక్కీ పోలేడు. చివరికి తానే కేకలేసి జనాన్ని పిలిచాడు. ఇలాంటప్పుడు అమ్మవారే పట్టించిందని భక్తులు అనుకోవడం సహజం. ఆ నమ్మకాన్ని నేను కాదనను. కానీ దాన్నే గట్టిగా పట్టుకుంటే ఒక ప్రశ్న వస్తుంది: అమ్మవారు అతన్ని ఆపి ఊరుకుంది కదా, ఆపైన కొట్టే అధికారం మనకెవరిచ్చారు?

దొంగతో మర్యాదేమిటి, భయం లేకపోతే రేపు ప్రతి గుడికీ కన్నం పడుతుందంటారు. రాయలసీమలోని నల్లచెరువు వైపు వానల్లేక వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా హుండీలో రూపాయి వేసే రైతు ఆ మాటంటే అందులో న్యాయముంది. అతని బాధ చిన్నదేం కాదు. అయితే మర్యాదంటే వదిలేయడం కాదు. కేసు, కోర్టు, జైలు వాటి దారిన అవి ఉంటాయి. పోలీసు ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. దెబ్బలతో రాబట్టిన ఒప్పుకోలును నమ్మలేమన్న ఎరుక అందులో ఉంది. నల్లచెరువుకు పొరుగునే, గాండ్లపెంట మండలం కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. పైపై పూజలకన్నా లోపలి శుభ్రతే ముఖ్యమన్నది ఆయన పట్టు. ఆ కొలతతో చూస్తే, ఇరుక్కున్నవాడికి ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత పేరడిగి రాసుకునే కానిస్టేబుల్ చేసేదీ అమ్మవారి సేవే.