ఇల్లడ సొమ్ము

నెలకు 15,000 రూపాయల జీతం వచ్చే కార్మికుడి జీతం చీటీలో, కోతల వరుసలో, ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) అని ఒక గడి ఉంటుంది. 0.75 శాతం లెక్కన అందులో పడే అంకె సుమారు 113 రూపాయలు. దానికి యజమాని తన వంతుగా 3.25 శాతం, అంటే మరో 488 రూపాయల దాకా కలిపి, మరుసటి నెల 15లోగా ఈఎస్‌ఐ కార్పొరేషన్‌కు కట్టాలి. కొన్నిచోట్ల గడిలో అంకె ప్రతి నెలా పడుతుంది, డబ్బు మాత్రం కదలదు. అలా ఆగిపోయిన మొత్తాన్నంతా కలిపి మనం ‘బకాయి’ అంటాం. కరెంటు బిల్లు బకాయి, అద్దె బకాయి, ఈఎస్‌ఐ బకాయి. నా అభ్యంతరం ఈ మాట మీదనే. ఆ 488 రూపాయలు బకాయి అయితే కావచ్చు. ఈ 113 రూపాయలు బకాయి కాదు. తనది కానిదాన్ని తన దగ్గర ఉంచుకున్నవాడు అప్పుపడినట్టా?

మన ధర్మశాస్త్రాలు ఈ రెంటినీ ఎప్పుడో విడదీశాయి. వివాదాలను పద్దెనిమిది రకాలుగా లెక్కపెట్టిన మనుస్మృతి ఋణాన్ని మొదట, నిక్షేపాన్ని ఆ వెంటనే వేరుగా చెప్పింది. అప్పు తీసుకున్న సొమ్ము తీసుకున్నవాడిదే అవుతుంది, వాడుకునే హక్కూ అతనిదే, తిరిగి తీర్చే బాధ్యత మాత్రం మిగులుతుంది. నిక్షేపం, అంటే దాచమని అప్పగించిన సొమ్ము, అలా కాదు. చేతులు మారినా సొత్తు మారదు. తెలుగులో దీనికి ‘ఇల్లడ’ అని పాత మాట. నిక్షేపం తిరిగి ఇవ్వనివాణ్ణి దొంగతో సమానంగా శిక్షించమన్నాడు మనువు. దాన్ని తన ఇష్టప్రకారం వాడుకుని బతికినవాడికి దండన వేసి, లాభంతో సహా కక్కించమంది యాజ్ఞవల్క్యస్మృతి. దాని మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే ఈ విచారణ మన భాషకు కొత్తది కాదు. ఆ స్మృతులు మనుషులను మెట్లుగా పేర్చాయి కదా, కార్మికుడి హక్కుకు వాటి సాక్ష్యం ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను వాటి అధికారాన్ని అరువు తెచ్చుకోవడం లేదు. అవి గుర్తించిన తేడాను మాత్రమే తీసుకుంటున్నాను. అమానతులను సొంతదారులకు అప్పగించమని ఖురాన్ ఆదేశిస్తుంది, కూలివాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి దేవుడి చెవిదాకా మొరపెడుతుందని బైబిల్లో యాకోబు పత్రిక హెచ్చరిస్తుంది. ఒకదానితో ఒకటి ఏకీభవించని సంప్రదాయాలు ఇక్కడ ఒకే వైపు నిలబడ్డాయి.

1948 నాటి ఈఎస్‌ఐ చట్టం కూడా అదే వైపు ఉంది. జీతంలోంచి కోసిన మొత్తం కార్మికుడు యజమానికి అప్పగించిన సొమ్ము కిందికి వస్తుందని 40వ సెక్షన్ తేల్చింది. కోసి కట్టనివాడికి కనీసం ఏడాది జైలు, ఇతరత్రా కట్టనివాడికి కనీసం ఆరు నెలలు అని 85వ సెక్షన్ తేడా చూపింది. ఈ చట్టం 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసినా, ఆ తేడా వెనకున్న ధర్మం అలాగే ఉంది. కానీ పాత స్మృతికారులు ఊహించని సంగతి ఒకటి ఇక్కడుంది. వాళ్ల నిక్షేపం ముద్ర వేసిన సంచి. పోతే వడ్డీతో తెచ్చి ఇస్తే నష్టం పూడుతుంది. బీమా అలాంటిది కాదు. కార్మికుడు అప్పగించింది 113 రూపాయల రూపంలో ఉన్న ఒక రోజును, తనకో తన పిల్లకో జబ్బు చేసే రోజును. ఆస్పత్రి కౌంటర్ దగ్గర గుమాస్తా బీమా నంబరు కొట్టి చూసి, చందా జమ కాలేదని తల అడ్డంగా ఊపితే, ఆ కుటుంబం గొలుసు తాకట్టు పెట్టి ప్రైవేటు ఆస్పత్రికి పోతుంది. ఆర్నెల్ల తర్వాత యజమాని పైసాతో సహా కట్టినా ఆ రోజు తిరిగి రాదు. మామూలు నిక్షేపం ఎగ్గొట్టడం కన్నా ఇది బరువైన తప్పు అనడానికి నాకున్న కారణం ఇదే.

ఫ్యాక్టరీ నష్టాల్లో ఉందనుకోండి. ఆ డబ్బుతో ముడిసరుకు కొనకపోతే ముప్పై మంది ఉపాధి పోతుంది, నలుగురి మేలు కోసమే వాడానని యజమాని అంటాడు. ఎదుర్కోవలసిన వాదన ఇదొక్కటే, ఎందుకంటే ఇందులో అబద్ధం లేకపోవచ్చు. నిక్షేపం నిప్పులో కాలినా, వరదలో కొట్టుకుపోయినా దాచినవాడి తప్పు లేదని మనువే మినహాయింపు ఇచ్చాడు. అయితే దానికొక షరతు పెట్టాడు: వాడు అందులోంచి ఏమీ తీసుకుని ఉండకూడదు. వ్యాపార నష్టాన్ని వరదతో పోల్చేవాళ్లు ఈ షరతు దగ్గర ఆగాలి. ముడిసరుకు కొన్న క్షణంలోనే అతను అందులో చెయ్యి పెట్టాడు. ముప్పై మందినీ పిలిచి, ఈ మూడు నెలలు మీకు వైద్యం ఉండకపోవచ్చు, ఒప్పుకుంటారా అని అడిగాడా? అడిగినా చట్టం ఆ బేరాన్ని ఒప్పుకోదు, అది వేరే సంగతి. జీతం చీటీలో కోత చూపిస్తూనే ఉన్నాడంటే అడగలేదన్నమాట. కార్మికుడి మేలు పేరుతో కార్మికుడికి తెలియకుండా అతని ఆరోగ్యాన్ని పందెం కాయడం త్యాగమూ కాదు, సాహసమూ కాదు.

చందా పడుతోందో లేదో కార్మికుడే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు కదా అన్న మాట కూడా వినిపిస్తుంది. చూసుకోవడం మంచిదే. పడకపోతే చీటీలు పట్టుకుని బ్రాంచి ఆఫీసులో ఫిర్యాదు చేయడం ఇంకా మంచిది. కానీ ఇల్లడ పెట్టినవాడు రోజూ వచ్చి కాపలా కాయవలసి వస్తే ఇక ఇల్లడ ఎందుకు? నమ్మినవాడి అజాగ్రత్త, నమ్మించినవాడి తప్పును తగ్గించదు.

ఇంత చెప్పాక మిగిలే ప్రశ్న ఆ కౌంటర్ దగ్గరిదే. బీమాదారుడంటే ఎవరి తరఫున చందా ‘కట్టవలసి’ ఉందో వాడు అని 1948 చట్టం నిర్వచించింది, ‘కట్టబడిన’ వాడు అనలేదు. ఆ ఒక్క మాటలో ఎంతో ఆలోచన ఉంది. యజమాని కట్టకపోయినా, అశ్రద్ధ చేసినా, కార్మికుడికి కార్పొరేషనే ప్రయోజనం ఇచ్చి, దాన్ని తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకునే దారి ఆ చట్టం 68వ సెక్షన్‌లో ఉండేది. అయితే అక్కడ వాడిన మాట ‘ఇవ్వవచ్చు’. కోత చూపించే జీతం చీటీ చేతిలో ఉన్నవాడి విషయంలో అది ‘ఇవ్వాలి’ అని ఉండాలి. ఆ చీటీ ఇల్లడకు రసీదు. దాన్ని చూపించిన మనిషికి ముందు మంచం ఇచ్చి, యజమానితో లెక్క తర్వాత తేల్చుకోవడం కార్పొరేషన్ పని.