పార్కు గేటు దాటండి



ఉపాసకులారా, ఉపాసికలారా! తథాగతుడు పుట్టింది లుంబినీ వనంలో. బోధి పొందింది రావిచెట్టు కింద. మొదటి ధమ్మోపదేశం సారనాథ్ జింకల వనంలో. బింబిసారుడు వేణువనం ఇస్తే, వేశ్య అని లోకం పిలిచిన ఆమ్రపాలి తన మామిడితోట ఇచ్చింది. సంఘంలో మంగలి ఉపాలి ముందు దీక్ష తీసుకున్నాడు, శాక్య రాకుమారులు ఆయనకు మొక్కారు.

మరి మన చర్లపల్లిలో? ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన అన్న, ఇళ్లల్లో పనిచేసే అక్క, బీహార్ నుంచి వచ్చిన తమ్ముడు కాలనీ పార్కు ముందు నుంచే పోతారు, లోపలికి పోరు. "అది కాలనీవాళ్లది కదన్నా" అంటారు. ఎవరు చెప్పారమ్మా? వద్దని బోర్డేమీ ఉండదు. ఒక చూపు ఉంటుంది, అంతే.

మహాడ్‌లో చవదార్ చెరువు అందరిదని మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. మనవాళ్లు ఆ నీళ్లు ముట్టింది మాత్రం 1927 మార్చి 20న, బాబాసాహెబ్ వెంట నడిచాకే. మధ్యలో మూడేళ్లు అది ఉత్త కాగితం! ఇవాళ రాజ్యాంగం 15వ అధికరణం ఉంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, రోడ్లు, జనం తిరిగే చోట్లలో కులం, మతం, పుట్టిన ఊరు పేరుతో ఎవర్నీ ఆపరాదంటుంది.

అందుకే ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని పోండి. పక్కింటి ముస్లిం చెల్లెల్ని, ఆ బీహారీ తమ్ముణ్ణి కూడా పిలవండి. చాయ్, గారెలు పట్టుకుపోండి. కవర్లు మాత్రం అక్కడ పడేయొద్దు (మాట పడేది మనమే, తెలుసుగా). పెద్దలు చెట్టు కింద కాసేపు ఆనాపానసతి చేయండి. ఎవరైనా "మీరెవరు?" అంటే కోపం వద్దు. మైత్రితోనే, లేవకుండా చెప్పండి: "మేమూ ఈ బస్తీవాళ్లమే, కూర్చోండి అన్నా, చాయ్ తాగండి."