అక్కడ ఏం పడింది?

రిమోట్ డెస్క్‌టాప్‌లో పనిచేస్తూ 'హెచ్' అని రాసున్న మీట నొక్కామనుకోండి. అవతలి యంత్రానికి సాధారణంగా ఆ అక్షరం వెళ్ళదు. ఆ మీట కీబోర్డు మీద ఎక్కడుందో చెప్పే ఒక సంఖ్య వెళ్తుంది. దాన్ని స్కాన్‌కోడ్ అంటారు. దాన్ని ఏ అక్షరంగా చదవాలో అవతలి లేఅవుట్ తేలుస్తుంది. అక్కడ ఇంగ్లిష్ ఉంటే 'హెచ్' పడుతుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంటే 'ప' పడుతుంది.

మాటకి అర్థం వినేవాళ్ళ దగ్గర తేలుతుందని సాహిత్యం చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ అవతల చదివే పద్ధతి చెప్పాపెట్టకుండా మారిపోతే, ఇవతలి మనిషి ఎప్పట్లాగే నొక్కితే, తప్పు ఎవరి ఖాతాలో పడాలి?

మా పిన్ని కూతురు నరసరావుపేటలో ఇంటి నుంచే, బ్రిటన్‌లో ఉన్న ఒక సర్వర్ మీద బిల్లుల పని చేస్తుంది. ఒక శనివారం సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేశారు. సోమవారం రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగానే తెరుచుకుంది గానీ, దాని లోపలున్న బిల్లుల సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ తీసుకోలేదు. మూడుసార్లు కొట్టేసరికి లాక్ అయిపోయింది. హెల్ప్‌డెస్క్ అడిగిన మొదటి ప్రశ్న, "సరిగ్గా టైప్ చేశారా?" పాస్‌వర్డ్ మార్చి ఇచ్చారు. మళ్ళీ అదే కథ. మూడో రోజు నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, నేనే తప్పు కొడుతున్నానేమో" అంది.

రెండు పాస్‌వర్డ్‌లలోనూ 'ఎట్ ద రేట్' గుర్తుంది. మన దగ్గర ఎక్కువగా వాడే అమెరికన్ లేఅవుట్‌లో షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే అది వస్తుంది. బ్రిటిష్ లేఅవుట్‌లో అదే చోట డబుల్ కొటేషన్ గుర్తుంటుంది. మామూలుగా కనెక్ట్ అయ్యేటప్పుడే మన కంప్యూటర్ తన లేఅవుట్ ఏదో సర్వర్‌కి చెప్పుకుంటుంది. అయితే విండోస్ రిజిస్ట్రీలో 'ఇగ్నోర్ రిమోట్ కీబోర్డ్ లేఅవుట్' అని ఒక సెట్టింగ్ ఉంది. దూరం నుంచి వచ్చినవాళ్ళు చెప్పుకున్నది పట్టించుకోకు అని దాని అర్థం. అప్‌గ్రేడ్ తర్వాత అది ఆన్ అయి ఉంది. అక్షరాలూ అంకెలూ రెండు లేఅవుట్లలోనూ ఒకే చోట ఉంటాయి కాబట్టి తేడా ఇంకెక్కడా కనబడలేదు.

ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆమె నొక్కాల్సిందే నొక్కింది. సర్వర్ తన నియమం ప్రకారమే చదివింది. 'పాస్‌వర్డ్ తప్పు' అన్నదీ దాని లెక్కలో నిజమే. అయినా అంతా కలిసి ఒక మనిషికి తన వేళ్ళ మీదే నమ్మకం లేకుండా చేశారు. మిరాండా ఫ్రికర్ 2007లో వచ్చిన 'ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్' పుస్తకంలో, చెప్పేది ఎవరో చూసి ఆ మాటకి తక్కువ విలువ కట్టడం కూడా అన్యాయమే అంటారు. ఆవిడ ముఖ్యంగా జాతి, లింగం లాంటి గుర్తింపుల గురించి మాట్లాడతారు. మా వృత్తిలో 'యూజర్' అన్న మాట కూడా చిన్న స్థాయిలో ఆ పనే చేస్తుందని నా అనుమానం.

హెల్ప్‌డెస్క్ వైపు వాదన కూడా ఉంది. అప్‌గ్రేడ్‌లు ఆపితే భద్రత పోతుంది. టైపింగ్ పొరపాట్లూ రోజూ జరిగేవే, కాబట్టి ఆ ప్రశ్న అడగడం నేరం కాదు. కానీ శనివారం మారింది సర్వర్, ఆమె కాదు. అనుమానం కూడా ముందు మారినదాని దగ్గరే మొదలవ్వాలి. పైగా పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి. తప్పు తన మీద మోపినప్పుడు, తను ఏం కొట్టిందో చూసుకునే వీలు కూడా ఆమెకి లేదు.

ఆ ఒక్క గుర్తునీ యూజర్‌నేమ్ పెట్టెలో కొట్టి చూడమన్నాను. అక్కడ చుక్కలుండవు. "ఏం పడింది?" అని అడిగాను. కొటేషన్ గుర్తు పడింది. స్క్రీన్‌షాట్ తీసి పంపితే గంటలో సెట్టింగ్ సరిచేశారు. "నేను ఎప్పుడూ కొట్టేదే కొడుతున్నాను" అని ఆమె రెండు రోజులుగా చెబుతూనే ఉంది. వాళ్ళు నమ్మింది మాత్రం బొమ్మని.