రాజు బల్లయొద్ద కుంటివాని చోటు

ధ్యాన భాగము: 2 సమూయేలు 9:1-13, 1 కొరింథీయులకు 12:22-26



మెఫీబోషెతు అయిదేండ్ల వాడై యుండగా, దాది అతని నెత్తుకొని పారిపోవుచుండెను. ఆ తొందరలో అతడు క్రిందపడి రెండు కాళ్లు కుంటివాడాయెను. తరువాత లోదెబారులో పరుల యింట బ్రదికెను. దావీదు అతనికి భూమి తిరిగి ఇచ్చి ఊరకుండలేదు. పిలిపించి, తన కుమారులలో ఒకనివలె తన బల్లయొద్దనే కూర్చుండబెట్టెను. ఆ అధ్యాయపు చివరి మాటవరకు అతడు కుంటివాడే. కాళ్లు బాగుపడినందున కాదు, యోనాతాను నిమిత్తము అతనికి చోటు దొరికెను.

పౌలు ఇంకను ముందుకు వెళ్లెను. బలహీనులను సహించుడని మాత్రమే కాదు, వారు లేనిదే శరీరమునకు గడవదని వ్రాసెను. కలిగినవారు ముందుగా తిని, లేనివారిని ఆకలితో నుంచిన సంఘమునకే ఆ మాట వ్రాసెను.

మన పితరుల చరిత్రయు ఇదియే. 1860లలో ఒంగోలులో మాదిగ విశ్వాసులను చేర్చుకొనుటకు పెద్ద కులములవారు అభ్యంతరపెట్టిరి. క్లౌ దొరగారును దొరసానిగారును వేర్వేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీయులకు 1:26 మొదలైన భాగమే కనబడెను. తలుపు మూయబడలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆనాడు బలహీనులను త్రోసివేసిన యెడల నేడు మనమెక్కడ?

ఇప్పుడు మనము పొరుగు రాష్ట్రములలో స్థిరపడితిమి. మందిరములు కట్టుకొంటిమి. మరి మన లోదెబారు ఎక్కడ?

నా తప్పు ఒప్పుకొందును. మోకాళ్లు పట్టుకుపోయిన ఒక అవ్వ మేడమీది ఆరాధనకు రాలేకపోయెను. నెలకొకసారి రొట్టెయు ద్రాక్షారసమును ఆమె యింటికి తీసికొనిపోయి, నా పని తీరెననుకొంటిని. ఒకనాడు ఆమె, "అయ్యగారూ, రొట్టె వచ్చింది గాని సంఘం రాలేదు" అన్నది. నాకు మాట రాలేదు. మరుసటి నెలనుండి ప్రభువు బల్లను క్రింది గదిలోనే సిద్ధపరచితిమి. మొదటి దినమున ఆ అవ్వ పేరుపేరున మా పిల్లలందరికొరకు ప్రార్థించెను. ఆరు నెలలుగా ఇంటిలో ఒంటరిగా చేయుచున్న ప్రార్థన అదియేనట! ఆమె మనకు భారమా, మనకు ఆధారమా?

ప్రియులారా, కేకలు వేయునని వెలుపల కూర్చుండబెట్టిన మతిస్థిమితములేని బిడ్డ యున్నాడు. ప్రసంగము వినబడని చెవిటి సహోదరుడున్నాడు. తెలుగు అక్షరములు రాక పాటల పుస్తకము మూసికొను యౌవనులున్నారు. వచ్చే బల్ల ఆదివారమునకు ముందు, డీకన్లు రాని వారి పేర్లు వ్రాసికొని, ఆ యిండ్లకు వెళ్లుదురు గాక. కానుక పంపుట చాలదు, తోడుకొని రండి.

మనలను తన బల్లయొద్దకు పిలిచిన ప్రభువు అట్టి మనస్సు మనకు దయచేయును గాక. ఆమేన్.