మారుపేరు – మారిన ప్రతి

ఒక వస్తువును ఒక రూపమునుండి మరియొక రూపమునకు మార్చువాడు ఆ మార్పును గూర్చి ఎప్పుడు చెప్పి తీరవలెను? ఎప్పుడు చెప్పక ఊరకుండవచ్చును? నాణెములు మార్చు వర్తకునికిని, మాటలు మార్చు ద్విభాషికిని, దస్తావేజునకు నకలు వ్రాయు లేఖకునికిని ఇది సమానమైన ధర్మసందేహము. ఇంట నొక భాషయు, వీథిలో నొక భాషయు గల మనవంటి కుటుంబములకు నిత్యానుభవము. ఈ ప్రశ్నను మిక్కిలి నిష్కర్షగా విచారించిన రంగము నేడొకటి కలదు. అది కంప్యూటరు భాషల నిర్మాణము. అచ్చటి నియమములను కొంత పరిశీలించినచో మన సందేహమునకును వెలుగు దొరకునని మా విశ్వాసము.

కంపైలరు అనునది యొక ద్విభాషి. మనుష్యుడు తన కనువైన భాషలో వ్రాసిన ఆదేశములను అది యంత్రమునకు తెలియు సంకేతములుగా మార్చును. ఆ భాషలలో ప్రతి విలువకును ఒక జాతి యుండును; దానిని 'టైపు' అందురు. పూర్ణాంకము ఒక టైపు, దశాంశసంఖ్య వేరొక టైపు. ఒక టైపు ఉండవలసిన చోటికి మరియొక టైపు విలువ వచ్చినపుడు, సి++ వంటి భాషలలో కంపైలరు పెక్కుసారులు మనల నడుగకయే దానిని మార్చివేయును. 7ను 7.0గా మార్చినపుడు పోయినదేమియు లేదు. కాని 3.9ను పూర్ణాంకముగా మార్చినపుడు మిగులునది 3 మాత్రమే. దగ్గరి సంఖ్యయైన 4 కాదు. చుక్క తరువాతి భాగము తెగిపోవును. చిన్న పాత్రలోని నీటిని పెద్ద పాత్రలో పోయుట మొదటిది; పెద్ద పాత్రలోని నీటిని చిన్న పాత్రలో పోయుట రెండవది. రెండింటను సౌకర్యము సమానమే. నష్టము ఒకదానియందే.

ఇంతకంటె సూక్ష్మమైనది 'రెఫరెన్సు' అను విషయము. ఇది ఒక వస్తువునకు పెట్టిన మారుపేరు. వేంకటేశ్వర్లును ఇంటిలో బుజ్జి యని పిలిచినను పలుకువాడొక్కడే. బుజ్జికి పెట్టిన అన్నము వేంకటేశ్వర్లు ఆకలినే తీర్చును. అట్లే రెఫరెన్సు ద్వారా చేసిన మార్పు అసలు వస్తువునకే చేరవలెను. ఆ పేరు మనకు చేయు వాగ్దానమదియే.

ఇక చిక్కు చూడుడు. ఒక పూర్ణాంకమునకు మారుపేరు పెట్టుకొని, ఆ పేరుతో దానికి ఒకటి కలుపు పని యున్నదనుకొందము. ఆ పనికి పూర్ణాంకమునకు బదులు దశాంశసంఖ్య నిచ్చినచో ఏమగును? టైపులు వేరగుటచే ఆ పేరు దీనికి నేరుగా కుదరదు. అప్పుడు కంపైలరు చాటున ఒక తాత్కాలికమైన పూర్ణాంకమును సృష్టించి, మారుపేరును దానికి తగిలించెననుకొనుడు. ఒకటి కలుపుట జరుగును. తాత్కాలిక ప్రతి నశించును. అసలు సంఖ్య ఎట్లున్నదో అట్లే యుండును. పని జరిగినట్లే తోచును గాని ఫలము యజమానికి దక్కదు. 1985లో వెలువడిన సి++ తొలి రూపములో దీనికి నిజముగనే అనుమతి యుండెను. ఆ భాషను నిర్మించిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్, అనుభవమువలన దోషము తెలిసికొని, 1989 నాటి రెండవ రూపములో దీనిని నిషేధించెను. అది తన గొప్ప పొరపాటని తరువాత గ్రంథముఖమున ఒప్పుకొనెను.

అయినను నిషేధము సర్వత్ర వర్తింపదు. మార్చుటకు పట్టిన సామాన్యమైన మారుపేరు తాత్కాలిక ప్రతికి తగులరాదు. 'కాన్‌స్ట్' అను ముద్రతో, కేవలము చదువుటకు మాత్రమే పట్టిన మారుపేరు తగులవచ్చును. 2011లో తాత్కాలిక వస్తువులకై వేరొక విధమైన రెఫరెన్సును చేర్చిరి గాని, దానికి ప్రత్యేకమైన గుర్తు పెట్టిరి. ఈ భేదములో గొప్ప వివేకము కలదు. చదువరికి కావలసినది విలువ. అది నకలునందు దొరకిన చాలును. దిద్దువానికి కావలసినది అసలు. నకలును దిద్దిన అతని శ్రమ వ్యర్థము. కావున రూపము మార్చుట స్వతః దోషము కాదు. అసలు పేరు చెప్పి, నకలుతో పని ముగించి, ఆ సంగతి చెప్పకుండుట దోషము.

అట్లయిన చెప్పి మార్చిన చాలునా? చాలదనుటకు గొప్ప నిదర్శన మున్నది. 1996 జూన్ 4వ తేదీన ఫ్రెంచి గయానాలోని కూరూనుండి ఏరియన్ 5 రాకెట్టు తొలిసారి ఎగిరెను. ప్రధానమైన ఇంజను వెలిగించిన సుమారు 37 సెకనులకు దానికి దిశ తెలుపు పరికరములు ఆగిపోయినవి. రాకెట్టు దారి తప్పి, విచ్ఛిన్నమై, నాలుగు ఉపగ్రహములతో కూడ నశించినది. కారణము, 64 బిట్ల దశాంశసంఖ్యను 16 బిట్ల పూర్ణాంకముగా మార్చుట. అట్టి పూర్ణాంకములో పట్టు గరిష్ఠసంఖ్య 32,767. వచ్చిన విలువ అంతకు మించినది. ఆ ప్రోగ్రాము అడా భాషలోనిది. అచ్చట మార్పు చాటున జరిగినది కాదు, మనుష్యులు తెలిసి వ్రాసినదే. ప్రమాదమునకు అవకాశమున్న ఏడు విలువలలో నాలుగింటికి రక్షణ కల్పించి, మూడింటిని విడిచిరి. ఏరియన్ 4 ప్రయాణములలో ఆ విలువ హద్దు దాటదు. ఏరియన్ 5 మార్గమున అడ్డపు వేగము హెచ్చు. పాత యింటి కొలతలతో కొత్త యింటికి తలుపు బిగించినట్లయినది. రెండు పరికరములందును ఒకే ప్రోగ్రాము ఉండుటచే రెండును ఒకే కారణమున ఆగినవి. కాబట్టి మార్చుచున్నానని వ్రాసినవాడు, ఇచ్చట ఎంత పట్టును, పట్టనిచో ఏమగును అని కూడ విచారింపవలెను.

ఈ విచారము యంత్రములతో ముగియదు. మన తెలుగు పరలిపులలోనికి పోవునపుడు సరిగా ఇవే స్థితులు కలుగుచున్నవి. కన్నడలిపిలో మన అక్షరములకు ఇంచుమించు అన్నింటికిని సాటి కలదు; అందు వ్రాసిన తెలుగు చెడదు. వాడుకలోని మరాఠీ, ఒడియా లిపులలో హ్రస్వమైన ఎకారమునకును దీర్ఘమైన ఏకారమునకును వేరువేరు గుర్తులు లేవు. మెడయు మేడయు ఒక్కటియగును. తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము; గాలియు కాలియు ఒక్కటియగును. ఇది ఆ లిపుల లోపము కాదు. తమ భాషలకు అవి చాలినవే. మన మాట వాని కొలతకు మించి యుండుటయే యిందలి చిక్కు.

తమిళదేశమున త్యాగరాజకృతులను తమిళలిపిలో అచ్చొత్తించిన పండితులు ఈ చిక్కునకు చక్కని ఉపాయము కనుగొనిరి. ఆ ఒక్క అక్షరముపై 2, 3, 4 అను చిన్న అంకెలు వేసి ఖ, గ, ఘలను వేరుపరచిరి. ఇది నిజాయితీ గల మార్పు. పోవుదానిని గుర్తించి, దానికి చోటు కల్పించినది. ఆ పుస్తకము చూచి పాడువాడు గకారమును గకారముగనే పలుకగలడు.

అయితే పాడుట వేరు, భాషకు చేర్చుట వేరు. పరలిపిలో తెలుగు చదువుకొను పిల్లలను చిన్నచూపు చూడరాదు. వారిది చదువుటకు పట్టిన మారుపేరు, అది న్యాయమైనదే. కాని వారు ఒక కొత్త పాట కట్టిన, మన యిండ్లలో మాత్రమే నిలిచిన ఒక సామెతను వ్రాసిపెట్టిన, అది పరలిపిలోనే యుండిపోయినచో విజయవాడలోని చదువరికిగాని, వరంగల్లులోని చదువరికిగాని చేరదు. నకలుకు చేసిన చేర్పు నకలుతోనే పోవును. తరతరములుగా మనము కాపాడిన నుడి, అసలు భాషకు అందకయే అంతరింపవచ్చును.

కావున మా మనవి యింతే. బడి పుస్తకమునందు పిల్లల పేర్లు ఏ లిపిలో నున్నను, ఇంటి పుస్తకమున వానిని తెలుగులో కూడ వ్రాసి యుంచుడు. తాతమ్మల మాటలను, పెండ్లిపాటలను ఏ లిపిలో వ్రాసికొన్నను, ప్రక్కనే తెలుగక్షరములలో ఒక ప్రతి నిలుపుడు. పిల్లలకు ఇరుగుపొరుగు లిపులతో పాటు మన యక్షరములును నేర్పుడు. అప్పుడు వారు చేర్చునది అసలు భాషకే చేరును.