దానమూ, ధరా

2013 వేసవిలో రావికమతంలో ఒక రైతుకూలీ తన వైద్యపు కాగితాలు తెచ్చి నాకు చూపించాడు. దీర్ఘకాలిక రక్తకేన్సరు. "దీనికి మాత్ర ఉందట గదా మాస్టారూ, అదెవరిది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను సరయిన జవాబు చెప్పలేకపోయాను.

మన కణాల్లో ఏబీఎల్ అనే జన్యువున్నది. ఎదుగుదలకు సంకేతాలందించే ఒక ఎంజైమును అది తయారుచేయిస్తుంది. 9వ క్రోమోసోములోని ఆ జన్యువు తెగిపోయి 22వ దానిలోని బీసీఆర్ జన్యువుతో అతుక్కుంటే ఎంజైముకు అదుపు తప్పుతుంది. ఎముకల మూలుగలో తెల్లకణాలు ఎడతెగక పుట్టుకొస్తాయి. పొట్టిపడిన ఆ క్రోమోసోమును 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ చూశారు. అది మార్పిడివల్ల ఏర్పడిందని 1973లో జానెట్ రౌలీ తేల్చింది. ఈ ఎంజైము ఏటీపీ నుంచి ఫాస్ఫేటు తీసుకుని పనిచేస్తుంది. ఆ ఏటీపీని 1929లో కండరాల నుంచి వెలికితీసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. ఇమాటినిబ్ మాత్ర ఏటీపీ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది, అంతే.

ఆ అణువును కూర్చిన కంపెనీ శాస్త్రజ్ఞుల శ్రమను కాదనను. (మనలో కొందరు కాదంటారు, అది తొందరపాటు.) కాని చివరి అంతస్తు కట్టినవాడు మేడంతా నాదే అంటే ఒప్పుకోవడమెలా? నోవార్టిస్ మాత్రల ఖర్చు అప్పట్లో నెలకు సుమారు 1,20,000 రూపాయలు ఉండేది. హైదరాబాదులోని నాట్కో వంటి సంస్థలు అదే మందును 8,000 నుంచి 10,000కు అమ్మాయి.

2006లో చెన్నై పేటెంటు కార్యాలయం నోవార్టిస్ దరఖాస్తును తిరస్కరించింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా కాదన్నది. బీదల విజయమని మనం సంబరపడ్డాం. కాని తీర్పు నిలిచింది బీదరికం మీద కాదు. పాత పదార్థపు కొత్త స్ఫటికరూపం, పేటెంటు చట్టం 3(డి) కోరినట్లు, రోగానికి మరింత బాగా పనిచేస్తుందని రుజువు కాలేదు. రుజువై ఉంటే? అప్పుడు మన వాదానికి ఆధారమేది?

కంపెనీ వేలమందికి మాత్రలు ఉచితంగా ఇచ్చిన మాట నిజం. అవి మింగి బ్రతికినవారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. అయినా దానం ఎవరికివ్వాలో, ఎప్పుడాపాలో ఇచ్చేవాడి ఇష్టం. ధర కట్టేదీ వాడే. పుచ్చుకునేవాడికి మిగిలేది ఎదురుచూపు.

తీర్పు సంగతంతా ఆ కూలీకి వివరించి, ఇప్పుడు మందు ఎనిమిది వేలకే దొరుకుతుందని చెప్పాను.

"ఎనిమిది వేలకేనా మాస్టారూ?" అన్నాడతను, కాగితాలు మడుచుకుంటూ.