ఎఱ్ఱగీత బంతి

వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:1–3, లూకా 15:3–7



పోయిన క్రిస్మసు పండుగకు మన సంఘపు పడుచువాడొకడు హైదరాబాదునుండి ఇంటికి వచ్చెను. అతడు అక్కడ గోల్ఫు ఆట నేర్చుకొనువారి అభ్యాస మైదానములో బంతులు ఏరు పని చేయుచున్నాడు. తమ్మునికిని చెల్లెండ్రకును మిఠాయిపొట్లముతో కూడ అయిదు తెల్లని బంతులు తెచ్చెను. మరునాటి సాయంకాలము పిల్లలు మందిరపు ఆవరణలో ఆడుకొనుచుండగా ఒక బంతి దొర్లివచ్చి మా అరుగు మెట్టు దగ్గర ఆగెను. మేము దానిని తీసి చూచితిమి. అది చిన్న నిమ్మకాయంత యుండి, రాయివలె గట్టిగా, ఒళ్లంతయు సన్నని గుంటలతో నుండెను. నడుమ చుట్టును ఒక ఎఱ్ఱని గీత యుండెను.

"ఈ గీత యెందుకు నాయనా?" అని ఆ అబ్బాయిని అడిగితిమి.

"మైదానంవాళ్ల గుర్తు అయ్యగారూ. బయట బంతుల్లో కలిసిపోకుండా వేస్తారు," అనెను.

"అయితే ఇవి వారివే గదా?"

అతడు నవ్వెను. "అక్కడ వేలకు వేలు ఉంటాయి అయ్యగారూ. ఇవి కంచె దాటి తుప్పల్లో పడినవి. ఎవరూ వెతకరు. దొరికినవాడిదే."

ఈ చివరిమాట మన పల్లెలలో అందరమును అనుచుండు మాటయే. అందుచేత ఈ నెల ధ్యానమునకు దానినే తీసికొనుచున్నాము.

గోల్ఫు ఆట మనలో అనేకులు చూచియుండరు. చిన్న బంతిని పొడుగాటి కర్రతో కొట్టి, దూరమున నున్న గుంటలో పడవేయుటయే ఆ ఆట. పూర్తి మైదానములో అటువంటి గుంటలు 18 ఉండును. బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదనియు, బరువు 45.93 గ్రాములకు మించకూడదనియు నియమము. హైదరాబాదులో గోల్కొండ కోట నయా ఖిల్లా వద్దను, గచ్చిబౌలి ప్రాంతమునను ఇట్టి మైదానములున్నవి.

అభ్యాస మైదానము వేరు. అక్కడికి వచ్చువారు డబ్బు చెల్లించి, బుట్టెడు బంతులు తీసికొని, వరుసగా నిలిచి అందరును ఒకే దిక్కునకు కొట్టుదురు. తరువాత పనివారు బండితో ఆ బంతులన్నిటిని ఏరి, కడిగి, మరల బుట్టలలో నింపుదురు. ఆ డబ్బు బంతిని కొట్టుటకే గాని కొనుటకు కాదు. మన యూరిలో పెండ్లికి వంటపాత్రలు అద్దెకు తెచ్చుట లేదా? ఆ గంగాళముల మీద యజమాని పేరు చెక్కి యుండును. అద్దె ఇచ్చితిమి గనుక గరిటె మన యింట ఉంచుకొనవచ్చునని యెవరును అనరు. ఆ పేరు గంగాళముమీద ఏమి చెప్పునో ఈ ఎఱ్ఱగీత బంతిమీద అదే చెప్పును.

అందుచేత ఆటగాండ్రలో మర్యాద తెలిసినవారు కొన్ని పద్ధతులు పాటింతురు. గీత గల బంతి పొరబాటున తమ సంచిలో వచ్చినయెడల మరల తీసికొనిపోయి బుట్టలో వేయుదురు. కంచె దాటిన బంతి కనబడినయెడల పనివారికి అప్పగింతురు. కొందరు కొట్టిన బంతి ఎగురక, వారి పాదములయెదుట నాలుగు బారల దూరములోనే దొర్లిపడును. ప్రక్కవారు వాటిని ఏరుకొని డబ్బులేకుండ తమ బుట్ట నింపుకొనరు. ముందుకు పోయి ఏరుట ప్రాణాపాయము కూడ, వెనుకనుండి వచ్చు బంతి రాయివలె తగులును. ఎవరో తమ సొంత బంతిమీద కలముతో గుర్తు పెట్టుకొనియుండగా అది అక్కడ దొరికినయెడల, కార్యాలయములో ఇచ్చి వెళ్లుదురు.

పెద్ద మైదానములో సంగతి కొంత వేరు. అక్కడ ఆటగాడు తన బంతిని తానే కొని తెచ్చుకొనును. అది పొదలలో పడినయెడల వెదకుటకు 2019 సంవత్సరమునుండి మూడు నిమిషములే గడువు. అంతకు ముందు అయిదు నిమిషములుండెడిది. గడువు దాటినయెడల ఆ ఆటలో అది పోయిన బంతియే. అటువంటి దానిని తరువాత వచ్చిన ఆటగాడు తీసికొనుటను సాధారణముగా తప్పుపట్టరు. అయినను మొదట చుట్టుప్రక్కల వారిని "ఇది మీదా?" అని అడుగవలెను. మిట్ట అవతలనుండి ఒకడు ఇప్పుడే కొట్టిన బంతి కావచ్చును. అడుగకుండ తీసినవాడు ఆ మనుష్యుని ఆటను చెరుపును.

న్యాయస్థానములు కూడ ఈ చిన్న బంతులనుగూర్చి తీర్పు చెప్పవలసి వచ్చెను. ఇంగ్లాండు దేశములో 1948లో ఒకడు అనుమతిలేకుండ గోల్ఫు మైదానములో ప్రవేశించి, ఆటగాండ్రు విడిచిపోయిన బంతులు ఏరుకొనగా న్యాయాధిపతులు దానిని దొంగతనమే అనిరి. 2003లో మరియొక వ్యాజ్యెము వచ్చెను. రాత్రివేళ మైదానపు చెరువులోనుండి బంతులు తీసిన మనుష్యుల విషయములోను అట్లే తీర్పు నిలిచెను. ఆటగాడు వదలివేసినను ఆ నేల గలవారు వదలివేయలేదని దాని భావము. మన దేశములో 1872 నాటి ఒప్పందముల చట్టపు 71వ సెక్షను ప్రకారము, దొరికిన వస్తువును తీసికొన్నవాడు దానిని ఇతరుడు తనకు అప్పగించిన సొత్తువలె కాపాడవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 314వ సెక్షను, సొంతదారుని ఎరిగియు, లేక తెలిసికొను మార్గముండియు, దొరికిన దానిని సొంతము చేసికొనుట నేరమని చెప్పుచున్నది. దారిలో ఎవరిదో తెలియని రూపాయి దొరికినవానిని చట్టము నేరస్థుడనదు. గాని గీత గల బంతి ఎవరిదో తెలియనిది కాదు.

అయితే మనము చట్టమునకు భయపడి మాత్రమే నడుచువారము కాము. వాక్యమేమి చెప్పుచున్నదో చూతము.

మోషే ద్వారా దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ఆజ్ఞ యిది. తోటివాని ఎద్దు గాని గొఱ్ఱె గాని తప్పిపోయి కనబడినయెడల మొగము త్రిప్పుకొని పోరాదు, తోలుకొనిపోయి అప్పగింపవలెను. అతడు దూరముననున్నను, ఎవడో తెలియకున్నను, తన యింటికి తెచ్చి, అతడు వెదకుచు వచ్చువరకు ఉంచవలెను. గాడిదయైనను, వస్త్రమైనను, పోయినది ఏదైనను అంతే. ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఇంటికి తెచ్చుట తప్పని ఆజ్ఞ చెప్పలేదు. తెచ్చిన తరువాత అది ఎవరిదని మనము తలంచుచున్నామో అందులోనే సంగతియంతయు ఉన్నది. ఇల్లు ఆ వస్తువునకు సత్రము కావలెను గాని సమాధి కాకూడదు.

లేవీయకాండము 6వ అధ్యాయము ఇంకను కఠినముగా నున్నది. పోయినది దొరికి, లేదని బొంకినవాడు మనుష్యునికే కాదు, యెహోవాకు ద్రోహము చేసినవాడు. అతడు దానిని తిరిగి యిచ్చి, అయిదవవంతు కలిపి యిచ్చి, తరువాతనే బలి తేవలెను.

ఇప్పుడు మన అబ్బాయి చెప్పిన కారణమునకు వత్తము. వేలున్నవానికి అయిదు లెక్కా? ఎవరు వెదకుదురు? ఆ సాయంకాలము మేమతనితో అరుగుమీద కూర్చుండి లూకా 15వ అధ్యాయము చదివితిమి. కాపరికి నూరు గొఱ్ఱెలుండెను. ఒకటి తప్పిపోయెను. తొంబదితొమ్మిది మిగిలియున్నవి గదా, ఒకటి లెక్కా అని ఆ కాపరి అనియుండిన యెడల నీ గతి యేమి, మా గతి యేమి? మనమందరమును కంచె దాటి తుప్పలలో పడినవారమే. చాల యున్నవి గనుక ఒకటి పోయిన పరవాలేదను లెక్క మన దేవునికి తెలియదు. అట్టి దేవుని బిడ్డలము ఇతరుల సొత్తువిషయములో ఆ లెక్క వేయవచ్చునా?

అబ్బాయి చాలసేపు తలవంచుకొని యుండెను. అప్పుడు, "తిరిగి ఇచ్చేస్తే, ఇన్నాళ్లూ ఇంకెన్ని పట్టుకుపోయావు అంటారు అయ్యగారూ. పని తీసేస్తే? అమ్మకి నా జీతమే," అనెను.

ప్రియులారా, ఈ ప్రశ్నకు మా యొద్ద సులువైన జవాబు లేకపోయెను. తండ్రి లేని యిల్లు అది. పని పోదని మాట యిచ్చుటకు మేమెవరము? ప్రార్థన చేసికొందమంటిమి. ప్రార్థన ముగించి కన్నులు తెరచునప్పటికి కరెంటు పోయెను. మేము లోపలికి పోయి గూటిలోని టార్చి తెచ్చి వెలిగించితిమి.

అతడు టార్చివైపు చూచి, మెల్లగా అడిగెను. "అయ్యగారూ, ఇది మీదేనా? పిడిమీద అక్షరాలు వేరే ఉన్నాయే?"

మా నోట మాట రాలేదు. మూడేండ్ల క్రిందట ఉజ్జీవ కూటములకు చుట్టుప్రక్కల గ్రామములనుండి జనులు వచ్చినప్పుడు ఎవరో ఆ టార్చిని మందిరములో మరచిపోయిరి. ఒక ఆదివారము ప్రకటించితిమి. ఎవరును రాలేదు. గూటిలో ఉంచితిమి. ఒక రాత్రి అవసరము వచ్చి వాడితిమి. తరువాత మందులు కొని వేసితిమి. ఎప్పటినుండియో తెలియదు గాని, "మా టార్చి" అనుట మొదలుపెట్టితిమి. పిడిమీద ఎఱ్ఱరంగుతో వ్రాసిన రెండక్షరములు ప్రతిరాత్రియు మా చేతిలోనే యున్నను మాకు కనబడలేదు. పిల్లవాని బంతిమీది గీత మాత్రము చూచిన వెంటనే కనబడెను!

ఆ రాత్రియే మేమిద్దరమును ఒక నిర్ణయము చేసికొంటిమి. అతడు బంతులు తీసికొనిపోవలెను, మేము టార్చి తీసికొనిపోవలెను.

పండుగ వెళ్లిన వారము మేము సైకిలుమీద బయలుదేరితిమి. మూడవ గ్రామములో ఒక వృద్ధురాలు ఆ అక్షరములను వ్రేలితో తడవి, "ఇది మా ఆయనదే," అనెను. ఆయన రెండేండ్ల క్రిందట ప్రభువునందు నిద్రించెను. కూటములకు టార్చి పట్టుకొనివచ్చినవాడు మనుమడట. దానిని అమ్ముకొన్నాడని తాతకు అనుమానము కలిగి, ఆనాటినుండి మనుమనితో సరిగా మాటలాడలేదట. ఆమె మమ్మును నిందింపలేదు. మనుమని పిలిచి, టార్చి అతని చేతిలో పెట్టి కన్నీరు విడిచెను. మేమతనిని క్షమాపణ అడిగితిమి. అయిదవవంతు సంగతి జ్ఞాపకముంచుకొని క్రొత్త మందులు వేసి తీసికొనిపోయియుంటిమి గాని, ఆ పిల్లవాడు పోగొట్టుకొన్నదానికి ఏ అయిదవవంతు చాలును?

పోయినదాని వెల దొరికినవానికి తెలియదు, సహోదరులారా. మన చేతికి అది ఒక టార్చి. అవతల ఇంటిలో అది ఒక బిడ్డమీద నింద. అందుకే ఎవరును వెదకరులే అని చెప్పుటకు మనకు అధికారము లేదు.

మన అబ్బాయి తిరిగి పనిలోనికి వెళ్లిన మొదటి దినమే అయిదు బంతులను పైవాని యెదుట పెట్టి, ఉన్నది ఉన్నట్లు చెప్పెను. ఆయన గట్టిగా మందలించి, బుట్టలో వేయుమనెను. పని పోలేదు. మెప్పును రాలేదు. "రాత్రి బాగా నిద్రపట్టింది అయ్యగారూ," అని మాత్రము ఫోనులో చెప్పెను. పని పోయియున్నయెడల మేమును సంఘమును ఆ యింటికి నిలువవలసినవారమే. నీతిగా నడువుమని ఒకనికి చెప్పి, నష్టము వచ్చినప్పుడు అతనిని ఒంటరిగా విడుచుట బోధ కాదు. పిల్లల ఆట కూడ ఆగలేదు. అమ్మగారు పాతచీరతో రెండు గుడ్డబంతులు కుట్టి యిచ్చిరి.

ఇప్పుడు మీ మీ యిండ్లను చూచుకొనుడి. కోత సమయమున పొలములో దొరికిన కొడవలి, అద్దెపాత్రలలో మిగిలిపోయిన గరిటె, మన మందలో కలిసిన ప్రక్కవారి మేకపిల్ల, కండక్టరు పొరబాటున ఎక్కువ ఇచ్చిన చిల్లర, మందిరములోనుండి తెచ్చిన పాటలపుస్తకము ఏదైనను ఉండవచ్చును. దానిమీద ఎవరి గీత యున్నదో చూడుడి. వచ్చే నెల మొదటి ఆదివారమున ఆరాధన తరువాత మందిరపు వసారాలో ఒక బల్ల వేయుదుము. ఎవరెవరివో తెలియని వస్తువులు తెచ్చి దానిమీద పెట్టుడి. ఎవరు తెచ్చిరని యెవరును అడుగరాదు. సొంతదారులు వచ్చి తీసికొందురు. రానివాటిని సంఘపెద్దలు ఊరూరను విచారింతురు. మేము ఈసారి ఒక్క ప్రకటనతో ఊరకుండము.

ప్రార్థన: తప్పిపోయిన మమ్మును లెక్కలోనుండి తీసివేయక వెదకివచ్చిన ప్రభువా, మా గూండ్లలో దాగియున్న పరుల సొత్తును మాకు చూపుము. ఇతరుని తప్పు చూచు కన్నుతోనే మా తప్పును చూడనిమ్ము. తిరిగి యిచ్చుటకు ధైర్యమును, ఇచ్చినవానికి తోడునిలుచు ప్రేమను మా సంఘమునకు దయచేయుము. ఆమేన్.